నీలి నంబర్ ప్లేటు, తండ్రి పేరు గడి

నేను నల్లగొండలో యాక్సిడెంట్ కేసులు చూసుకునే ప్లీడర్ని. అంతర్జాతీయ న్యాయం లా కాలేజీలో ఒక పేపరు. రాశాను, గట్టెక్కాను, మర్చిపోయాను. అది మళ్లీ నా టేబుల్ మీదికి వచ్చింది 2004లో. తెచ్చింది నకిరేకల్ దగ్గర ఆటో నడుపుకునే ఒకాయన. ఎడమ కాలికి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. మా భాషలో 'బోత్ బోన్స్ ఫ్రాక్చర్'. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఊండ్ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కర్ర ఊతంతో మెట్లెక్కి వచ్చాడు.

"గుద్దిన బండి నంబరు నోట్ చేసుకున్నవా?" అనడిగాను.

"చేసుకున్న వకీల్ సాబ్. కానీ గది మన నంబరు లెక్క లేదు."

నిజమే. ఎఫ్‌ఐఆర్‌లో ఏపీ 24 లాంటిదేమీ లేదు. ముందొక అంకె, మధ్యలో 'యు.ఎన్.', అంటే ఐక్యరాజ్యసమితి, అన్న అక్షరాలు, తర్వాత ఇంకో అంకె. లేత నీలం పలక మీద తెల్ల రాతలు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పుణ్యమా అని మా జిల్లా వాళ్లకు అలాంటి కార్లు అప్పుడప్పుడూ కనిపించేవి. కనిపించడం వేరు, ఆ కారు ఓనర్‌ని రెండో ప్రతివాదిగా చేర్చడం వేరు.

మా కేసుల్లో వరస మారదు. మొదటి ప్రతివాది డ్రైవర్, రెండు ఓనర్, మూడు ఇన్సూరెన్స్ కంపెనీ. మా గుమాస్తా యాదగిరి ఈ ఫారాలు నిద్రలో కూడా నింపగలడు. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం. ఆ రోజు రెండో ప్రతివాది దగ్గర పెన్ను ఆపేశాడు.

"సార్, ఓనర్ తండ్రి పేరు ఏం రాయాలె?"

నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ప్రశ్న అసలైనది. ఇది కంపెనీ కాదు, కంపెనీల చట్టం కింద ఎక్కడా రిజిస్టర్ కాలేదు. సొసైటీ కాదు. ప్రభుత్వ శాఖ కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 86వ సెక్షన్ తీసి చూశాను. విదేశీ రాజ్యాల మీద దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలంటుంది. కానీ ఐక్యరాజ్యసమితి రాజ్యం కూడా కాదు కదా! దానికి భూమి లేదు, పౌరులు లేరు. మరి ఈ కారు ఎవరిది?

యాదగిరి తనకు తానే దారి వెతుక్కున్నాడు. "అంటే దేవుడి మాన్యం కేసు లెక్కనా సార్?"

చదువుకున్న నాకు తట్టలేదు ఆ మాట. గుడి భూముల దావాల్లో వాది ఎవరు? 'ఫలానా స్వామివారు, కార్యనిర్వహణాధికారి ద్వారా' అని రాస్తాం. దేవుడికి తండ్రి పేరు ఎవరూ అడగరు. విగ్రహం చట్టం కళ్లలో ఒక వ్యక్తి అని 1925లోనే ప్రీవీ కౌన్సిల్, తెల్లవాడి కాలంలో మన ఆఖరి అప్పీలు కోర్టు, ఒక కలకత్తా కేసులో చెప్పింది. ఆస్తి ఉంచుకోవచ్చు, దావా వేయవచ్చు. కాకపోతే నోరు లేదు గనక మనిషి ఎవరో ఒకరు వెంట నిలబడాలి. ఐక్యరాజ్యసమితి కూడా అలాంటి వ్యక్తే. దేవుడిని భక్తి నిలబెట్టింది, దీన్ని సంతకాలు నిలబెట్టాయి.

ఆ సంతకాల దగ్గరికే వెళ్దాం. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాలు చార్టర్ మీద, అంటే సంస్థను పుట్టించిన ఒప్పందం మీద, సంతకం చేశాయి. పోలండ్ తర్వాత చేరింది, మొత్తం 51. మన దేశం అప్పటికి ఇంకా తెల్లవాడి కిందే ఉంది, అయినా భారతదేశం పేరున ఆర్కాటు రామస్వామి ముదలియార్, వి.టి. కృష్ణమాచారి సంతకాలు పెట్టారు. అంటే స్వతంత్ర భారతం పుట్టకముందే దానికి ఐక్యరాజ్యసమితిలో సీటు ఉంది. ఆ అక్టోబర్ 24 నుంచి చార్టర్ అమల్లోకి వచ్చింది.

అందులో మన కేసుకు పనికొచ్చేవి 104, 105 అధికరణాలు. ప్రతి సభ్యదేశంలోనూ సంస్థకు తన పనులకు అవసరమైనంత చట్టపరమైన సామర్థ్యం ఉంటుందని 104. అవసరమైనంత మేర ప్రత్యేక హక్కులు, మినహాయింపులు ఉంటాయని 105. 'అవసరమైనంత' అన్న మాట చూస్తే ప్లీడర్లకు ప్రాణం లేచొస్తుంది. ఎంత అవసరమో ఎవరు చెప్పాలి అన్నదాని మీద జీవితాంతం వాదించుకోవచ్చు.

ఆ వాదనకు కొంత అడ్డుకట్ట వేయడానికే 1946 ఫిబ్రవరి 13న లండన్‌లో జనరల్ అసెంబ్లీ తొలి సమావేశాలప్పుడు ఒక ఒప్పందాన్ని ఆమోదించారు. దాని మొదటి సెక్షన్ ప్రకారం సంస్థ కాంట్రాక్టులు చేసుకోవచ్చు, ఆస్తులు కొనవచ్చు, అమ్మవచ్చు, కోర్టులో దావా వేయవచ్చు. రెండో సెక్షన్ ప్రకారం సంస్థ మీద మాత్రం ఏ కోర్టు ప్రక్రియా నడవదు, అది తనంతట తాను ఒప్పుకుంటే తప్ప. ఇదే ఇమ్యూనిటీ. (కరోనా తర్వాత ఈ మాట వింటే అందరికీ కషాయమే గుర్తొస్తోంది. ఇది ఆ ఇమ్యూనిటీ కాదు, కానీ దీనికీ సులభంగా జబ్బు చేయదు.) మన పార్లమెంటు ఏర్పడటానికి ముందే, 1947లోనే, దీన్ని అమలు చేస్తూ ఇక్కడ ఒక చట్టం వచ్చింది. ఆ ఏడాది 46వ నంబరు చట్టం. ఒప్పందంలోని నిబంధనలను షెడ్యూలుగా తగిలించి, వీటికి ఇండియాలో చట్టబలం ఉందని చెప్పేశారు. పల్చటి చట్టం, చాయ్ తాగేలోపు చదివేయొచ్చు.

చదివాక నా పార్టీ మొహం చూడలేకపోయాను. కాలు విరిగినవాడికి సెక్షన్ రెండు ఎలా చెప్పను?

అప్పుడే 1946 నాటి ఆ తీర్మానాన్ని మొత్తం తెప్పించి చూశాను. దానికి నంబరు 22. 'ఎ' అనే భాగంలో ఒప్పందం ఉంది. దేశాలు, సార్వభౌమత్వాలు, దౌత్య సంచులు, అన్నీ పెద్ద పెద్ద మాటలు. అలా చదువుకుంటూ పోయి 'ఇ' అనే భాగం దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సంస్థ కార్లు నడిపే డ్రైవర్లకు, సొంత కార్లున్న ఉద్యోగులకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా ఉండేలా సెక్రటరీ జనరల్ చూడాలి అని ఉంది! ప్రపంచయుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. లండన్ ఇంకా సగం శిథిలాల్లో ఉంది. అలాంటి సమయంలో ప్రపంచ ప్రతినిధులంతా కూర్చుని, మన కారు ఎవరినైనా గుద్దితే ఎలా అని ఆలోచించారు. ఎవరు రాయించారో గానీ ఆయనకు నకిరేకల్ ఆటోస్టాండ్ తరఫున ఒక దండం.

మూడో ప్రతివాది దొరికాడు. అదే నాకు కావలసింది. ఓనర్‌ని కోర్టు ముట్టుకోలేకపోయినా, పాలసీ ఇచ్చిన కంపెనీ ఇక్కడిదే, దానికి ఇమ్యూనిటీ లేదు. యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్లో ఎం.వి.ఓ.పి., అంటే పరిహారం పిటిషన్, వేశాం. తండ్రి పేరు గడిలో యాదగిరి అడ్డంగా గీత గీశాడు. సంస్థ నుంచి కోర్టుకు ఒక పేజీ ఉత్తరం వచ్చింది. మర్యాదగానే ఉంది. పాలసీ నంబరు ఇచ్చారు, డ్రైవర్ లైసెన్సు కాపీ జత చేశారు. చివరి వాక్యం మాత్రం, ఈ ఉత్తరం రాసినంత మాత్రాన మా మినహాయింపులు దేన్నీ వదులుకున్నట్టు కాదు అని. తర్వాత తెలిసింది, ఆ వాక్యం లేకుండా వాళ్లు ఎవరికీ ఉత్తరం రాయరని. పెళ్లి శుభలేఖ మీద పసుపు బొట్టు లాంటిది.

ఇన్సూరెన్స్ వారి స్టాండింగ్ కౌన్సెల్ మొదట కాస్త బిగిశారు. ఓనర్‌దే బాధ్యత కానప్పుడు మాదెలా అవుతుందన్నారు. బాధ్యత లేకపోవడం వేరు, బాధ్యత ఉండీ కోర్టు పిలవలేకపోవడం వేరు అన్నాను. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు రెండు వాయిదాలు పట్టింది. కేసు చివరికి లోక్ అదాలత్‌లో లక్షా ఎనభై వేలకు తెగింది. చెక్ పిటిషన్ వేసి తీసుకున్నాం.

కేసు అయిపోయినా నాకు ఆ పుస్తకాల మీద మోజు తీరలేదు. అప్పుడు చదివిందే ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. అంతర్జాతీయ సంస్థ అంటే చట్టం ముందు ఎవరు అన్న ప్రశ్నకు ప్రపంచంలో పునాది అనదగ్గ తీర్పు ఒకటి ఉంది. అది కూడా నష్టపరిహారం కేసే. అందులో కూడా కారు ఉంది.

1948 సెప్టెంబర్ 17. జెరూసలేం. స్వీడన్‌కు చెందిన కౌంట్ ఫోక్ బెర్నడాట్, పాలస్తీనాలో ఐక్యరాజ్యసమితి తరఫు మధ్యవర్తి. మూడు కార్ల కాన్వాయ్ కటమోన్ అనే పేట మీదుగా పోతోంది. రోడ్డుకు అడ్డంగా ఒక జీపు. సైనిక దుస్తుల్లో ఉన్నవాళ్లు దిగారు. ఒకడు తుపాకీ గొట్టం కారు కిటికీలో పెట్టి కాల్చాడు. బెర్నడాట్, పక్కనున్న ఫ్రెంచి కర్నల్ ఆండ్రే సెరో చనిపోయారు. చంపింది లెహీ అనే యూదు తీవ్రవాద ముఠా. ఆ హత్య చేశారని కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు.

మనిషి పోయాడు. మరి దావా ఎవరు వేయాలి? పాత పద్ధతి ప్రకారం ఒక దేశం పౌరుడికి ఇంకో దేశంలో అన్యాయం జరిగితే అతని దేశం అడుగుతుంది. స్వీడన్ అడగవచ్చు, ఫ్రాన్స్ అడగవచ్చు. కానీ బెర్నడాట్ అక్కడికి స్వీడన్ పనిమీద వెళ్లలేదు. పంపించిన సంస్థకు అడిగే హక్కు ఉందా? పైగా ఇజ్రాయెల్ అప్పటికి సభ్యదేశం కూడా కాదు. చార్టర్ మీద సంతకం పెట్టనివాడిని, మేమంతా కలిసి ఒక వ్యక్తిని సృష్టించుకున్నాం, నువ్వు ఆయనకు డబ్బు కట్టు అంటే ఊరుకుంటాడా? డిసెంబర్ 3న జనరల్ అసెంబ్లీ ఈ ప్రశ్నలు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపింది.

1949 ఏప్రిల్ 11న అభిప్రాయం వచ్చింది. చార్టర్‌లో ఎక్కడా 'ఈ సంస్థ అంతర్జాతీయ వ్యక్తి' అని రాసి లేదు. కోర్టు ఆ సంగతి ఒప్పుకుంది. రాసి లేకపోతే ఏమిటి, దీనికి అప్పజెప్పిన పనులు చూడండి అంది. శాంతి కాపాడాలి, ఒప్పందాలు చేసుకోవాలి, మనుషుల్ని ప్రమాదకరమైన చోట్లకు పంపాలి. వ్యక్తిత్వం లేకుండా ఇవి చేయడం కుదరదు, కాబట్టి ఉంది. అయితే ఇది రాజ్యం కాదు, రాజ్యాల మీద రాజ్యం అసలే కాదు అని కూడా జాగ్రత్తగా చెప్పింది. నేను 86వ సెక్షన్ దగ్గర ఆగిపోయింది గుర్తుందా? 55 ఏళ్ల ముందే హేగ్‌లో దానికి జవాబు ఉంది.

ఇజ్రాయెల్ సంగతి? ప్రపంచ దేశాల్లో అత్యధిక భాగానికి ప్రాతినిధ్యం వహించే 50 దేశాలు కలిస్తే, తాము మాత్రమే గుర్తించే వ్యక్తిని కాదు, అందరికీ వర్తించే వ్యక్తిని సృష్టించగలవని కోర్టు తేల్చింది. సంస్థకు తగిలిన నష్టం అడగవచ్చన్నది ఏకగ్రీవం. చనిపోయిన మనిషి తరఫున కూడా సంస్థ అడగవచ్చా అన్నదాని మీద మాత్రం 11 మంది ఒక వైపు, నలుగురు ఇంకో వైపు. ఆ నలుగురిలో అమెరికా జడ్జి హాక్‌వర్త్ ఉన్నారు. రాయని అధికారాలను ఇష్టం వచ్చినట్టు ఊహించుకోకూడదన్నది ఆయన వాదన. తార్కికంగా ఆయనది గట్టి వాదనే, కాదనలేను. కానీ ఇరవై ఏళ్లుగా శవాల తరఫున పిటిషన్లు వేస్తున్నవాడిని, నా ఓటు మాత్రం 11 మందికే. మనిషిని పంపినవాడు మనిషి పోయాక చేతులు దులుపుకోకూడదు.

నన్ను గుచ్చింది మాత్రం ఇంకోటి. ఈ తీర్పు సంస్థకు ఇచ్చింది అడిగే హక్కు. అంతకు మూడేళ్ల ముందే 1946 ఒప్పందం ఇచ్చింది అడిగించుకోకుండా ఉండే హక్కు. వాది కుర్చీ దానికి ఉంది, ప్రతివాది కుర్చీలో మాత్రం ఇష్టమైతేనే కూర్చుంటుంది. ఎదుటివాడి పరిస్థితి ఏమిటని రాసినవాళ్లు ఆలోచించకపోలేదు. అదే ఒప్పందంలో 29వ సెక్షన్ ఉంది. కాంట్రాక్టుల లాంటి ప్రైవేటు తగాదాలు వస్తే పరిష్కరించడానికి సంస్థ తగిన ఏర్పాట్లు 'చేయాలి' అంటుంది. చేయవచ్చు అని కాదు. నా ఆటో డ్రైవర్‌కి దొరికిన ఇన్సూరెన్స్ ఆ మాటకు దగ్గరి చుట్టమే.

హైతీలో ఆ మాట నిలబడలేదు. 2010 అక్టోబర్‌లో అక్కడ కలరా పుట్టింది. మీర్‌బలే దగ్గర శాంతిసేన క్యాంపు, అందులో నేపాల్ నుంచి వచ్చిన సైనికులు. క్యాంపు మురుగు పక్కనున్న వాగులో కలిసింది, వాగు ఆర్టిబొనైట్ నదిలో కలిసింది, నది నీళ్లు జనం తాగారు. పదివేల మంది దాకా చనిపోయారు. బాధితులు 2011లో ఐక్యరాజ్యసమితిని పరిహారం అడిగారు. 2013 ఫిబ్రవరిలో జవాబు వచ్చింది, 29వ సెక్షన్ కింద ఈ క్లెయిములు స్వీకరించడం కుదరదని. వీటిని చూడాలంటే రాజకీయ, విధానపరమైన విషయాల్లోకి వెళ్లాల్సి వస్తుందట. మురుగుగుంట ఎప్పటినుంచి విధానం అయిందో నాకు అర్థం కాదు. న్యూయార్క్ కోర్టుకు వెళ్తే రెండో సెక్షన్ అడ్డొచ్చింది. 29 పాటించకపోతే 2 పోతుందా? పోదు అంది అప్పీలు కోర్టు, 2016లో. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పటి సెక్రటరీ జనరల్ బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. చట్టపరమైన బాధ్యత ఒప్పుకున్నట్టు కాదన్న పద్ధతి మాత్రం మారలేదు. పసుపు బొట్టు.

మన వాళ్ల కథ ఒకటి ఉంది. గుజరాత్ కచ్‌లోని ముంద్రా. అక్కడి పెద్ద బొగ్గు కరెంటు ప్లాంటుకు ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ప్లాంటు నీళ్ల వల్ల చేపలు పోయాయని, బూడిద పొలాల మీద పడుతోందని అక్కడి మత్స్యకారులు, రైతులు, ఒక గ్రామ పంచాయతీ కలిసి 2015లో వాషింగ్టన్‌లో దావా వేశారు. పంచాయతీ వెళ్లి వాషింగ్టన్‌లో వాది కావడం! మా ఊరి సర్పంచికి చెబితే ముందు నమ్మలేదు. అమెరికాలో 1945 నాటి చట్టం ఒకటి, అంతర్జాతీయ సంస్థలకు విదేశీ ప్రభుత్వాలకున్న ఇమ్యూనిటీయే ఉంటుందంటుంది. 1945లో అది దాదాపు పూర్తి రక్షణ. తర్వాత కాలంలో, వ్యాపారం చేసేటప్పుడు విదేశీ ప్రభుత్వమైనా కోర్టుకు రావాల్సిందే అని రూల్ మారింది. మరి సంస్థలకు ఏది వర్తిస్తుంది, ఆనాటిదా, ఈనాటిదా? 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు 7-1తో ఈనాటిదే అంది. చట్టం పునాది ఒక్క రోజులో జరిగిపోయింది. కానీ మత్స్యకారులకు ఒరిగిందేమీ లేదు. కేసు కింది కోర్టుకు తిరిగి వెళ్లాక, అసలు జరిగిందంతా ఇండియాలో గనక ఇక్కడ కుదరదని కొట్టేశారు. 2021లో అప్పీలు పోయింది, 2022లో సుప్రీంకోర్టు మళ్లీ వినలేదు. తలుపు తెరిచారు, గడప మాత్రం ఎత్తుగా కట్టారు.

మన దగ్గర ఇక్రిశాట్ సంగతి చాలామందికి తెలీదు. పటాన్‌చెరులో ఆ పెద్ద గేటు ముందు నుంచి వేలమంది రోజూ బస్సుల్లో పోతుంటారు, అదేదో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం అనుకుంటారు. కాదు. 1972లో వచ్చిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ. మన 1947 చట్టంలోని 3వ సెక్షన్ కింద కేంద్రం గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చి, ఐక్యరాజ్యసమితి కాకపోయినా, దానికీ ఆ రక్షణలు వర్తింపజేసింది. ఉద్యోగాల నుంచి తీసేసినవాళ్లు రిట్ వేస్తే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2003లో తీర్పు. పదిహేను మంది బోర్డులో భారత ప్రభుత్వం వైపు వాళ్లు ముగ్గురే, ప్రభుత్వం ఇచ్చే డబ్బు కొంచెమే, కాబట్టి రాజ్యాంగంలోని 12వ అధికరణం చెప్పే 'రాజ్యం' కిందికి ఇది రాదు, రిట్ నిలవదు అన్నారు. తీర్పు తప్పని నేననను. కానీ ఒక నోటిఫికేషన్‌తో ఇమ్యూనిటీ ఇచ్చేటప్పుడే, అందులో పనిచేసే స్వీపర్‌కో డ్రైవర్‌కో తగాదా వస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా అదే కాగితం మీద రాయిస్తే ప్రభుత్వానికి పోయేదేముంది? ఇంకో పేరా టైపు చేయాలి, అంతే కదా.

ఈ మధ్య బెర్నడాట్ కథ యాదగిరికి చెప్పాను. ఇప్పుడు తలంతా నెరిసింది, ఫారాలు కంప్యూటర్లో నింపుతున్నాడు. అంతా విని, మా వృత్తిలో ఎవరైనా అడిగేదే అడిగాడు.

"మరి అవార్డు ఎంత వచ్చింది సార్?"

1950లో ఇజ్రాయెల్ విచారం తెలిపి 54,628 డాలర్లు కట్టిందని చెప్పాను. అప్పట్లో డాలరు 4 రూపాయల 76 పైసల లెక్క, రెండు లక్షల అరవై వేలు.

"గంత పెద్ద మనిషికి రెండు లక్షల అరవై వేలేనా? మన ఆటో ఆయన కాలుకే లక్షా ఎనభై ఇప్పిస్తిమి గదా!"

అది సంస్థకు అయిన నష్టం మటుకే, పైగా 1950 నాటి డబ్బు అన్నాను. ఒక్క నిమిషం పైకి చూశాడు. "గప్పుడు తులం బంగారం వంద రూపాయలు ఉండెనని మా నాయిన చెప్తుండె," అంటూ, పక్కనున్న ఖాళీ వకాలత్ ఫారం తిప్పి వెనక లెక్క వేయడం మొదలుపెట్టాడు.

"రెండు వేల ఆరువందల తులాలు సార్," అన్నాడు కాసేపటికి, కళ్లజోడు తీసి.